మెట్ల కింద పెట్టెలో 11 కేబుళ్లు: ఏది ఏ గదికి వెళుతుందో కనిపెట్టడం

మీరు చెప్పినదాన్ని ముందు ఒకసారి మళ్లీ పెడతాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. కాకినాడలో మీ నాన్నగారు 2009లో కట్టించిన రెండంతస్తుల ఇల్లు. మెట్ల కింద ఇనుప పెట్టెలో 11 కోయాక్సియల్ కేబుళ్ల కొసలు, అంటే మనం డిష్ వైరు, కేబుల్ వైరు అని పిలుచుకునేవి. దేని మీదా పేరు లేదు. డాబా మీద పాత డిష్ స్తంభం దగ్గర మరో ఐదు కొసలు వేలాడుతున్నాయి. ఐదు గదుల్లో టీవీ సాకెట్లు ఉన్నాయి. వైరింగ్ చేసినాయన ఇప్పుడు ఊళ్లో లేరు. పై పడకగదికి డిష్ కనెక్షన్ ఇవ్వాలి, మిగిలినవాటిలో ఒకదాన్ని ఇంటర్నెట్‌కు వాడుకోవాలి. ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ పోతే తేలుతుందని ఎవరో సలహా ఇచ్చారు.

దయచేసి కత్తిరించకండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో రాజమండ్రిలో ఒక ఇంట్లో, మల్టీమీటరు (వోల్టులు, ఓంలు కొలిచే చేతి పరికరం) పెడితే ఏమీ చూపించని కేబుల్ ఒకటి కనబడింది. పనికిరాని వైరు అనుకుని కోసేశాను. అది పై వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ టీవీకి వెళ్లే లైను. గోడలోని సాకెట్ లోపల చిన్న కెపాసిటర్ (విద్యుత్తును నిల్వ చేసుకుని, డీసీని దాటనివ్వని విడిభాగం) ఉంది, అందుకే మీటరుకు అటువైపు ఏమీ కనబడలేదు. సాయంత్రానికి జాయింటు వేసి ఇచ్చాను. కానీ ఆ అతుకు దగ్గర సిగ్నల్ కొంత తగ్గింది, అది అలాగే ఉండిపోయింది. మీటరు మౌనంగా ఉంటే కేబుల్ చచ్చిపోయిందని కాదు. ఇరవై రెండేళ్ల తర్వాత కూడా మీటరు పట్టుకున్న ప్రతిసారీ ఆ ఇల్లు గుర్తుకొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఆ 11 కేబుళ్లు అక్కడికి ఎలా చేరి ఉంటాయో ఆలోచించండి. సగం సమస్య అక్కడే విడిపోతుంది. 2009లో కేబుల్ టీవీకి సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి కాదు. వీధిలోంచి ఒకే కేబుల్ ఇంట్లోకి వచ్చేది, స్ప్లిటర్ పెట్టి ఎన్ని టీవీలకైనా పంచుకునేవాళ్లం. హైదరాబాద్, విశాఖపట్నం నగరాలకు డిజిటల్ కేబుల్ గడువు 2013 మార్చి 31. మిగతా పట్టణాలకు ఆ తర్వాత వచ్చింది. కాబట్టి మీ ఇంట్లో అట్టడుగు పొర ఒక చెట్టు లాంటిది: వీధి నుంచి ఒక మొదలు, గదులకు నాలుగైదు కొమ్మలు. దాని మీద రెండో పొర, డాబా మీది డిష్ నుంచి దిగిన లైన్లు. ఇవి ఒక్కోసారి పెట్టెను తాకకుండా నేరుగా గదిలోకి దిగిపోతాయి. ఎవరైనా సీసీ కెమెరాలు పెట్టించి ఉంటే అది మూడో పొర. ఏ కేబుల్‌ను పట్టుకున్నా అది ఈ మూడింట్లో ఏ పొరకు చెందిందో ముందు అడగండి. ఏ గది అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఇక భద్రత. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇంట్లో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, కెమెరా రికార్డరు, కేబుల్ ఆంప్లిఫయర్, అన్నిటి ప్లగ్గులూ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే చాలా పరికరాల్లో సన్నని లీకేజీ కరెంటు కేబుల్ పైఅల్లిక మీదికి, అంటే తొడుగు కింద మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు జాలి మీదికి వస్తుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, మీటరు 80, 100 వోల్టులు కూడా చూపిస్తుంది. దాని వల్ల సాధారణంగా చేయి జివ్వుమనడం తప్ప ప్రమాదం ఉండదు. కానీ నిచ్చెన మీద ఉన్నప్పుడు అలా జివ్వుమని చేయి వదిలేస్తే పడిపోతాం. అన్నీ పీకేశాక మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన ఇంటి ఎర్త్‌కు, రెండో మొన ఒక్కో కేబుల్ అల్లికకు తాకించి చూడండి. ఇంట్లో ఏదీ ప్లగ్గులో లేకపోయినా వీధి నుంచి వచ్చే కేబుల్ మీద వోల్టేజీ కనబడితే అది మీ ఇంటి కరెంటు కాదు. దాన్ని ముట్టుకోవద్దు, కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పండి. డాబా పనికి ఉరుములు లేని రోజు చూసుకోండి.

మీటరు తీసే ముందు కళ్లతో చూడండి. కేబుల్ తొడుగు మీద అచ్చు ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి టార్చి వేస్తే కనబడుతుంది. ఆర్‌జీ6 అని ఉంటే డిష్‌కో కేబుల్ టీవీకో వేసింది, దాదాపు 7 మిల్లీమీటర్ల లావు. ఆర్‌జీ59 అని ఉంటే కొంచెం సన్నగా ఉంటుంది, పాత వైరింగ్ కావచ్చు. తెల్లటి తొడుగులో సన్నని కోయాక్స్‌తో పాటు మూడు రంగుల సన్న తీగలు కలిసి ఉంటే అది కెమెరాలకు వేసే త్రీ ప్లస్ వన్ కేబుల్, వాటిని వెంటనే పక్కన పెట్టేయవచ్చు. కొసన ఉన్న కనెక్టరు కూడా చెబుతుంది. మరతో తిప్పే ఎఫ్ కనెక్టరు అయితే డిష్ లేదా కేబుల్ టీవీ, గుచ్చి మెలితిప్పే బీఎన్‌సీ అయితే కెమెరా.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. చాలా కంపెనీల కేబుల్ మీద మీటరుకో అంకె అచ్చు వేసి ఉంటుంది, చుట్టలో ఎంత మిగిలిందో తెలియడానికి. పెట్టెలోని కొస దగ్గర 212 అని, పడకగది సాకెట్ వెనక 237 అని ఉండి, కంపెనీ పేరూ రకమూ ఒకటే అయితే, అవి ఒకే కేబుల్ రెండు కొసలు కావచ్చు, పొడవు 25 మీటర్లు. పెట్టెలో 212, గదిలో 480 ఉంటే ఆ రెండూ జత కాలేవు, ఎందుకంటే మీ ఇంట్లో 268 మీటర్ల పరుగు ఉండదు. ఏ పరికరం లేకుండానే మూడు నాలుగు జతలు ఇలా తేలిపోయిన ఇళ్లు నేను చూశాను. రంగును మాత్రం నమ్మకండి. నల్ల చుట్ట అయిపోతే తెల్ల చుట్ట తెచ్చి పని ముగించడం మామూలే.

ఇప్పుడు అసలు పని. పెట్టెలో కేబుళ్లన్నిటినీ స్ప్లిటర్ నుంచి, ఎర్త్ పట్టీ నుంచి, ఒకదాని నుంచి ఒకటి విడదీయండి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, ఏది ఎక్కడ బిగించి ఉందో అదే సాక్ష్యం. ప్రతి కొసకూ కాగితం టేపు చుట్టి 1 నుంచి 11 వరకు అంకెలు వేయండి. డాబా మీది కొసలకు డా1 నుంచి డా5. గదుల్లో సాకెట్ ప్లేటు విప్పి కేబుల్‌ను సాకెట్ నుంచి బయటికి తీయండి. ఈ మెట్టు దాటవేయకండి, నేను రాజమండ్రిలో దెబ్బతిన్నది ఇక్కడే. సాకెట్ లోపల కెపాసిటరో రెసిస్టరో ఉంటే ఆ తర్వాతి కొలతలన్నీ తప్పుదారి పట్టిస్తాయి.

అన్ని కొసలూ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి కొలవండి. మల్టీమీటరును ఓంల (నిరోధం) మీద పెట్టి, ఒక మొన మధ్య తీగకు, ఒకటి అల్లికకు తాకించండి. ఖాళీ కేబుల్ ఏ విలువా చూపించకూడదు (చాలా మీటర్లలో ‘OL’ అని వస్తుంది, అది సున్నా కాదు). దాదాపు సున్నా చూపిస్తే రెండు అర్థాలున్నాయి: ఎక్కడో అల్లిక పోగు ఒకటి మధ్య తీగకు తగిలింది, లేదా గోడలోనో ఫాల్స్ సీలింగ్ పైనో ఒక స్ప్లిటర్ దాక్కుని ఉంది. కొన్ని స్ప్లిటర్ల లోపలి చుట్ట మధ్య తీగను అల్లికకు కలుపుతుంది, మీటరుకు అది షార్టులాగే కనబడుతుంది. ఏదో ఒక అంకె చూపించి, మీటరు మొనలు అటూ ఇటూ మార్చితే ఆ అంకె మారిపోతే, చివర ఎలక్ట్రానిక్ పరికరం ఉంది. డిష్ ముందు ఉండే ఎల్ఎన్‌బీ ఇంకా తగిలించి ఉందేమో డాబా మీద చూడండి.

తర్వాత అందరూ చేసేది, ఒక గదిలో కేబుల్‌ను షార్టు చేసి, అంటే మధ్య తీగనూ అల్లికనూ కలిపేసి, పెట్టెకు వచ్చి 11 కేబుళ్లూ కొలిచి, మళ్లీ ఇంకో గదికి వెళ్లడం. ఐదు గదులకు పదిసార్లు అటూ ఇటూ తిరగాలి. దీనికి బదులు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో పావు వాటు రెసిస్టర్లు (కరెంటును ఒక నిర్ణీత మేరకు అడ్డుకునే చిన్న భాగాలు) ఐదు రకాలు కొనండి: 100, 220, 470 ఓంలు, 1 కిలో ఓం, 2.2 కిలో ఓంలు. అన్నీ కలిపినా ఒక టీ ఖర్చు కాదు. హాల్లో కేబుల్‌కు 100 ఓంల రెసిస్టరు, ఒక కాలు మధ్య తీగకు, ఒక కాలు అల్లికకు. కింది పడకగదికి 220, వంటింటి పక్క గదికి 470, అలా ఒక్కో గదికి ఒక్కో విలువ. కొసకు ఎఫ్ కనెక్టరు ఉంటే దానికి జాయింటరు (రెండు కనెక్టర్లను కలిపే చిన్న లోహపు ముక్క) బిగించి, రెసిస్టరు ఒక కాలు జాయింటరు మధ్య రంధ్రంలోకి దూర్చి, రెండో కాలు బయటి లోహానికి రబ్బరు బ్యాండుతో బిగించండి. ఏ గదిలో ఏ విలువ పెట్టారో కాగితం మీద రాసుకుని పెట్టె దగ్గరికి రండి.

ఇప్పుడు 11 కేబుళ్లూ కొలిస్తే ప్రతి కేబుల్ తన గది పేరు తానే చెబుతుంది. 472 ఓంలు వచ్చిన కేబుల్ 470 పెట్టిన గదిది. ఆ పైన వచ్చే రెండు మూడు ఓంలు కేబుల్ సొంత నిరోధం, రెసిస్టరు విలువలోని చిన్న తేడా కూడా అందులో కలిసి ఉండవచ్చు. ఉక్కు మీద రాగి పూసిన మధ్య తీగ ఉన్న ఆర్‌జీ6లో 25 మీటర్లకు రాను పోను సుమారు 3 ఓంలు ఉంటుంది, నాసిరకంలో ఇంకాస్త ఎక్కువ. 470కి బదులు 500 చూపిస్తే ఎక్కడో తుప్పు పట్టిన జాయింటు ఉందని అర్థం. కాకినాడలో మీకు ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ, సముద్రపు గాలికి కనెక్టర్ల లోపల పచ్చగా చిలుము పడుతుంది. కొసన రెండంగుళాలు కత్తిరించి మెరిసే తీగ బయటపడ్డాక కొత్త కనెక్టరు వేసి మళ్లీ కొలవండి. కోత అవసరమయ్యే చోటు ఇదొక్కటే, అదీ కేబుల్ ఎవరిదో తెలిశాక.

ఒక కేబుల్ దగ్గర 150 ఓంలు వచ్చిందనుకోండి. మీరు ఏ గదిలోనూ 150 పెట్టలేదు. మీటరు పాడైందని తీసేయకండి, చాలా విలువైన కొలత అది. 220, 470 రెండూ సమాంతరంగా కలిస్తే 150 వస్తుంది. అంటే గోడలో ఎక్కడో రెండు గదుల కేబుళ్లను స్ప్లిటర్ కూడా లేకుండా మెలిపెట్టి కలిపేశారు. మెట్ల మలుపు దగ్గరి జంక్షన్ బాక్స్, ఫాల్స్ సీలింగ్‌లో లైటు రంధ్రం, బాల్కనీ మూల, ఇలాంటి చోట్ల వెతకండి. ఆ మెలిక విప్పి సరైన జాయింటు పెట్టేదాకా ఆ రెండు గదుల్లో దేనికీ డిష్ సిగ్నల్ సరిగ్గా అందదు. రెసిస్టర్లు వేరువేరు విలువల్లో పెట్టడం వల్లే ఈ రహస్యం బయటపడుతుంది, ఊరికే షార్టు చేసి ఉంటే రెండు గదులకూ బీప్ వచ్చి మీరు అయోమయంలో పడేవారు.

జత కుదిరిన ప్రతి కేబుల్‌నూ మరొక్కసారి పరీక్షించండి. ఇంట్లో ఒకరిని గదిలో నిలబెట్టి ఫోన్లో మాట్లాడుతూ రెసిస్టరు తీయమనండి, మీటరు ఖాళీ అవ్వాలి. మళ్లీ పెట్టమనండి, అంకె తిరిగి రావాలి. తీస్తే పోయి, పెడితే వచ్చినప్పుడే పేరు రాయండి.

ఏదైనా గదిలోని రెసిస్టరు పెట్టెలో ఎక్కడా కనబడకపోతే, ఆ కేబుల్ నేరుగా డాబాకు వెళ్లి ఉండవచ్చు. రెసిస్టర్లు తీయకుండానే మీటరు పట్టుకుని పైకి వెళ్లి డా1 నుంచి డా5 కొలవండి. మీరు డిష్ కావాలనుకుంటున్న పై పడకగది ఇలా నేరుగా కలిసి ఉంటే మీ పని సులువవుతుంది.

డాబా కేబుళ్లకు ఇంకో మార్గం కూడా ఉంది, సొగసైనది. డిష్ సెట్‌టాప్ బాక్స్ ఎల్ఎన్‌బీకి కేబుల్ గుండానే 13 లేదా 18 వోల్టుల డీసీ పంపుతుంది, సిగ్నల్ తరంగం నిలువు రకమైతే 13, అడ్డ రకమైతే 18. అంటే మీ చేతిలో ఉన్న బాక్సే ఒక పరీక్షా పరికరం. పడకగది కేబుల్‌కు బాక్స్ తగిలించి, ఆన్ చేసి, డాబా మీద ఖాళీ కొసల్లో డీసీ వోల్టులు కొలవండి. 13 నుంచి 19 మధ్య ఎక్కడ కనబడితే అదే ఆ గది లైను. కొలిచేటప్పుడు మీటరు మొనతో మధ్య తీగనూ అల్లికనూ కలిపేయకుండా చూసుకోండి. ముందే షార్టు చూపించిన కేబుల్‌కు ఈ పరీక్ష చేయకండి, బాక్స్ దెబ్బతినవచ్చు.

ఇంత చేశాక కూడా రెండో మూడో కేబుళ్లు ఎటూ తేలకుండా మిగులుతాయి. వాటి పొడవు కొలవవచ్చు. మీ మల్టీమీటరులో కెపాసిటెన్స్ కొలిచే స్థానం ఉంటే, చివర ఖాళీగా ఉన్న కేబుల్ తానే ఒక కెపాసిటరు. మధ్య తీగ చుట్టూ నురగలాంటి ఫోమ్ ఉన్న ఆర్‌జీ6 ఒక మీటరు పొడవుకు సుమారు 53 పికోఫారడ్లు చూపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ ఉన్న పాత రకమైతే సుమారు 67. మల్టీమీటరు తీగల సొంత విలువ ముందు చూసుకుని తీసేయాలి. పెట్టెలో ఒక కొస 0.32 నానోఫారడ్లు, అంటే 320 పికోఫారడ్లు చూపిస్తే దాని పొడవు 6 మీటర్లు. ఒక గదిలో జత దొరకని కొస 0.64 చూపిస్తే 12 మీటర్లు. ఆ గది పెట్టెకు సుమారు 18 మీటర్ల దూరంలో ఉంటే, ఈ రెండూ ఒకే కేబుల్ తెగిన ముక్కలై ఉండవచ్చు, తెగిన చోటు పెట్టె నుంచి 6 మీటర్ల దగ్గర. టేపుతో గోడ మీద 6 మీటర్లు కొలుచుకుంటూ వెళితే చాలాసార్లు ఒక జంక్షన్ బాక్స్ మూత ముందు ఆగుతాం. ఎవరో ఫ్యాన్ హుక్ కోసం డ్రిల్లు వేసిన రంధ్రం ముందు ఆగిన రోజులూ ఉన్నాయి.

కేబుల్‌లోకి టోన్ (కూత లాంటి సిగ్నల్) పంపి, ప్రోబుతో గోడ వెంట వినే పరికరం కొనాలా అని కొందరు అడుగుతారు. టెలిఫోన్ వైర్లకు అది బాగుంటుంది. కోయాక్స్ అల్లిక ఉన్నదే లోపలి సిగ్నల్‌ను బయటికి పోనివ్వకుండా ఆపడానికి, అందుకే మధ్య తీగకూ అల్లికకూ మధ్య టోన్ ఇస్తే బయట దాదాపు ఏమీ వినబడదు. టోన్‌ను అల్లికకూ ఇంటి ఎర్త్‌కూ మధ్య ఇవ్వాలి, అదీ ఆ కేబుల్‌ను మిగతావాటి నుంచి పూర్తిగా విడదీశాక. ఒక్క ఇంటి కోసం కొనక్కర్లేదు.

ఇప్పుడు మీ అసలు అవసరాలు. డిష్ లైనులో పాత కేబుల్ టీవీ స్ప్లిటర్ ఉండకూడదు. దాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఎల్ఎన్‌బీ నుంచి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది, అందులో చాలా భాగాన్ని ఆ స్ప్లిటర్ సరిగ్గా పోనివ్వదు. డాబా నుంచి పడకగదికి ఒకే కేబుల్, అవసరమైతే పెట్టెలో ఒకే జాయింటరు, అంతే ఉంచండి. ముందుముందు రెండో గదికి కూడా బాక్స్ కావాలంటే రెండు అవుట్‌పుట్ల ఎల్ఎన్‌బీ పెట్టి రెండో కేబుల్ వేరుగా దింపాలి.

ఇంటర్నెట్ విషయంలో కోయాక్స్ మీదే నెట్ పంపే మోకా అడాప్టర్లు ఉన్నాయి. అవి ఇళ్లలో సాధారణంగా 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ వాడతాయి, అంటే డిష్ సిగ్నల్ ఉన్న కేబుల్ మీదే వాటిని పెట్టలేం. పైగా మన దగ్గర అవి సులువుగా దొరకవు, రెండు వైపులా ఒక్కొక్కటి కావాలి. నేనైతే ఖాళీగా ఉన్న కేబుల్‌ను తాడుగా వాడతాను. ఒక కొసను మెల్లగా లాగి చూడండి, రెండో కొస ఒక అంగుళం కదిలితే పైపులో అది స్వేచ్ఛగా ఉంది. దాని చివర నెట్‌కు వాడే క్యాట్6 కేబుల్‌ను సన్నగా, మెట్టు రాకుండా టేపుతో చుట్టి, కొంచెం టాల్కం పౌడర్ చల్లి, ఒకరు లాగుతుంటే ఒకరు తోయండి. ఆర్‌జీ6 లావు 7 మిల్లీమీటర్లు, క్యాట్6 లావు సుమారు 6, కాబట్టి అది వెళ్లిన దారిలో ఇదీ వెళుతుంది. లాగేటప్పుడు గట్టిగా పట్టేస్తే ఆగిపోండి, మధ్యలో జాయింటు ఉంది.

పేర్లు రాసేటప్పుడు ‘డిష్’, ‘కేబుల్’ అని రాయకండి. ఆ వాడకం నాలుగేళ్లలో మారిపోతుంది. ‘పై పడకగది, తూర్పు గోడ’ అని రాయండి, గోడ మారదు. రెండు కొసల దగ్గరా ఒకే అంకె ఉండాలి. ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్లు వాడే పసుపు అంకెల ఫెర్రూల్ రింగులు దొరికితే కనెక్టరు వేసే ముందే తొడిగేయండి, కాగితం టేపు కాకినాడ ఎండకూ తేమకూ ఒక్క వేసవి కూడా ఆగదు. పూర్తి పట్టీ ఒకటి రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇనుప పెట్టె తలుపు లోపల అతికించండి. డాబా మీద వాడని కొసలను కిందికి వంచి, మూతలు పెట్టి టేపు చుట్టండి. లేకపోతే వాన నీరు అల్లిక వెంట లోపలికి ఇంకుతూ పోయి, ఈ రోజు మీరు పేరు పెట్టిన కేబుల్‌నే రెండు వానాకాలాల్లో తినేస్తుంది.